తాడు వదిలేసిన రోజు

(నిజామాబాద్ జిల్లాలోని ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, ఊరి పెద్దల ముందు ఒక మానసిక వైద్యురాలు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక దాకా వినిపిస్తోందా? ఫ్యాను ఒకటి ఆపేయండి బాబూ, అది నాకంటే గట్టిగా మాట్లాడుతోంది.

నన్ను పిలవడానికి వచ్చినవాళ్ళు "డ్రగ్స్ గురించి చెప్పండి మేడం, పిల్లలు పాడైపోతున్నారు" అన్నారు. వచ్చి చూస్తే ఫ్లెక్సీ మీద ఒక సిరంజి, ఒక పుర్రె. (నవ్వులు) నా ఓపీకి పుర్రెతో వచ్చిన పేషెంటు ఇంతవరకు లేడు. వచ్చే మనిషి ఎలా ఉంటాడో చెప్తాను. భుజం మీద తువ్వాలు ఉంటుంది. కూర్చోమంటే కూర్చోడు. చేతులు రెండూ తువ్వాలు కింద దాచుకుంటాడు, వణుకు నాకు కనబడకూడదని. ఏమైనా అలవాట్లు ఉన్నాయా అని అడిగితే "ఏం లేవు మేడం" అంటాడు. పక్కనుంచి భార్య "కల్లు తాగుతడు" అంటుంది. అప్పుడు ఆయన నా వైపు చూసి నిజంగానే ఆశ్చర్యపోతూ అడుగుతాడు: "కల్లు తాగుడు గూడ తాగుడేనా మేడం?"

అందుకని ఇవాళ ఎక్కడో కొలంబియా కొకైన్ గురించి కాకుండా కల్లు గురించే మాట్లాడతాను. మత్తు మెదడును ఏం చేస్తుందో అర్థం చేసుకోవడానికి మన జిల్లాల్లో జరిగినంత స్పష్టమైన ఉదాహరణ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

2020 మార్చి గుర్తుందా? 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వైన్ షాపులు బంద్, కల్లు దుకాణాలు బంద్. అందరూ కరోనా కోసం మంచాలు సిద్ధం చేసుకుంటున్నారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు. వాళ్ళకు జ్వరం లేదు, దగ్గు లేదు. ఒళ్ళంతా వణుకు, చెమటలు, ఫిట్స్. ఒకాయన గోడ మీద లేని చీమలు దులుపుతుంటాడు, ఇంకొకాయన ఖాళీ చేత్తో మోకు బిగిస్తుంటాడు. అందులో చాలామంది కల్లు తాగేవాళ్ళే. పేపర్ల వాళ్ళు కొత్తగా ఏదో జరిగినట్టు రాశారు గానీ మనకది కొత్త కాదు. అంతకు ఐదేళ్ళ ముందు, 2015 సెప్టెంబరులో, ఎక్సైజ్ వాళ్ళు కల్తీ కల్లు మీద పడినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రుల్లో ఇదే దృశ్యం. కల్లు ఆగింది, మనుషులు పడిపోయారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తాగితే మనిషి పాడవుతాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మరి మానితే పడిపోవడమేంటి?

కల్లులో ఏముందో ముందు చూద్దాం. చెట్టు మీంచి తెల్లారకముందు దించింది తియ్యటి నీరా, దాంట్లో మత్తు ఉండదు. ఎండ పడే కొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి దాదాపు బీరంత ఆల్కహాల్ తయారవుతుంది. అది చెట్టు కల్లు. దుకాణంలో సీసాలో వచ్చేది వేరే సంగతి. తాళ్ళు, ఈతలు తగ్గిపోయాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. ఉన్న కాసింత కల్లును నీళ్ళు పోసి పెంచాలి, తీపికి సాక్రిన్ వెయ్యాలి. అప్పుడు మత్తు పోతుంది కదా, దానికోసం మందు కలపాలి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజీపామ్, ఈమధ్య ఎక్కువగా ఆల్‌ప్రజోలామ్. నిద్ర పట్టనివాళ్ళకి, ఆందోళన ఎక్కువైనవాళ్ళకి మేం చీటీ మీద రాసిచ్చే మాత్రలో అర మిల్లీగ్రాము, పావు మిల్లీగ్రాము ఉంటుంది. అదే మందును పొడి రూపంలో తెచ్చి డ్రమ్ములో వేసి కర్రతో కలిపితే ఏ సీసాలోకి ఎంత పోయిందో కలిపినవాడికే తెలీదు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు మనుషులు చనిపోయింది ఇలాంటి కల్లు తాగే.

ఇప్పుడు మెదడులోకి వెళ్దాం. ఒక్క బొమ్మ గుర్తు పెట్టుకోండి చాలు. బడిలో ఆగస్టు పదిహేనుకి తాడు లాగే పోటీ పెడతారు కదా, అది.

మెదడులో రెండు జట్లు ఎప్పుడూ తాడు లాగుతుంటాయి. ఒక జట్టు పేరు గాబా. ఇది శాంతపరిచే రసాయనం: నెమ్మది, పడుకో, కంగారు పడకు అంటుంది. రెండో జట్టు గ్లూటమేట్: లే, చూడు, పరుగెత్తు అంటుంది. రెండూ సమానంగా లాగుతున్నంతసేపు మనం ఇలా కుదురుగా కూర్చుని ఉపన్యాసం వింటాం. ఆల్కహాల్ వచ్చి గాబా జట్టులో చేరుతుంది. ఆల్‌ప్రజోలామ్, డైజీపామ్ కూడా అదే జట్టు. అందుకే రెండు సీసాలు పడగానే ఒళ్ళు తేలికవుతుంది, భయం పోతుంది, అప్పులవాడు గుర్తు రాడు.

రోజూ సాయంత్రం బయటినుంచి ఒక పహిల్వాన్ వచ్చి ఒకే జట్టు వైపు లాగుతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు. దానికి తూకం కావాలి. మెల్లమెల్లగా గాబా మాట వినే గ్రాహకాల్లో చురుకుదనం తగ్గిస్తుంది, గ్లూటమేట్ వైపు మనుషుల్ని పెంచుతుంది. నెలలు, ఏళ్ళు గడుస్తాయి. ఇప్పుడు రెండు సీసాలు తాగినా మత్తు ఎక్కదు, నాలుగు కావాలి. "మా ఆయన ఎంత తాగినా తొణకడు మేడం" అని కొందరు కాస్త గర్వంగానే చెప్తారు. తొణకకపోవడం ఆరోగ్యం కాదమ్మా. అవతలి జట్టులో ఎంతమంది చేరిపోయారో దానికి లెక్క అది.

ఇప్పుడు లాక్‌డౌన్ వచ్చింది. పహిల్వాన్ ఒక్కసారిగా తాడు వదిలేశాడు. అవతల అంత బలంతో లాగుతున్న జట్టు ఏమవుతుంది? వెనక్కి విరుచుకు పడుతుంది. అదే వణుకు, చెమట, గుండెదడ, నిద్ర లేకపోవడం. మెదడులో మంట ఆర్పే నీళ్ళు లేవు, రాజేసే గాలి మాత్రం ఉంది.

దీనికి టైమ్‌టేబుల్ ఉంది. ఆశా అమ్మలు రాసుకోండి, ఇది మీకు అక్కరకొస్తుంది. మద్యం ఆగిన ఆరేడు గంటలకి వణుకు మొదలవుతుంది. ఆ తర్వాత రెండు రోజుల లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక నాలుగో రోజు దాకా అసలు ప్రమాదం: పగలో రాత్రో తెలియకపోవడం, లేనివి కనబడటం, జ్వరం, బీపీ పెరగడం. డెలీరియం ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. సినిమాల్లో హెరాయిన్ వాడిని గదిలో గొలుసులతో కట్టేస్తారు చూడండి, హెరాయిన్ మానితే నరకం కనబడుతుంది గానీ దానివల్లే చనిపోవడం అరుదు. మామూలుగా కనబడే మన సారా, కల్లు, నిద్రమాత్ర మాత్రం ఒక్కసారిగా మానితే చంపగలవు. కాబట్టి బాగా తాగే మనిషిని గదిలో పెట్టి గొళ్ళెం వేసి "మూడు రోజులు ఓర్చుకుంటే దిగిపోద్ది" అనే పని దయచేసి చెయ్యకండి. ఏ మూడు రోజులు ఓర్చుకోమంటున్నారో ఆ మూడు రోజులే ప్రాణాంతకం.

మరి వైద్యం ఏంటి? దాన్ని విని ఒకావిడ నన్ను నిలదీసింది. భర్తకి మూడో రోజు, మంచానికి కట్టేసి తెచ్చారు. డైజీపామ్ మొదలుపెట్టాం. నర్సు దగ్గర మందు పేరు కనుక్కుని నా గదికి వచ్చింది. "కల్లుల కలిపేది గిదే అంట గద మేడం. దుకాణపోడు పోసిందీ గదే, మీరు పొడిసిందీ గదే. ఇగ ఫరకేంది?"

ఎంబీబీఎస్ ఫైనలియర్ వాళ్ళు కూడా ఇంత సూటిగా అడగరు. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తాను. పహిల్వాన్ తాడు ఒక్కసారి వదిలేశాడు కాబట్టి పడిపోయారు. మేం ఇంకో మనిషిని తెచ్చి తాడు పట్టిస్తున్నాం. కానీ ఈ మనిషి రోజుకింత పట్టు సడలిస్తాడు. ఇవాళ నాలుగు మాత్రలైతే ఎల్లుండి మూడు, తర్వాత రెండు. అవతలి జట్టు కూడా ఒక్కొక్కరే తాడు వదిలి ఇళ్ళకు పోతారు. మద్యం ఒక్కటే అయితే వారం పది రోజుల్లో తాడు కింద పెట్టేయొచ్చు. ఏళ్ళ తరబడి మందు కల్లు తాగినవాళ్ళకి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా ఆల్‌ప్రజోలామ్ ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, దాదాపు పదకొండు గంటల్లో సగం పోతుంది. అందుకే ఆయన రాత్రి తాగి పడుకున్నా తెల్లారేసరికి చేతులు వణికి, పళ్ళు తోముకోకముందే దుకాణానికి పోవాల్సి వచ్చేది. డైజీపామ్ నెమ్మదిగా దిగుతుంది, మనకు దాంతో అదే లాభం. ఆవిడ అంతా విని "అంటే మీరు కొలిసిపోస్తరు, ఆడు కొల్వడు" అంది. నేను పది నిమిషాలు చెప్పింది నాలుగు మాటల్లో తేల్చేసింది.

ఇంకొక్కటి చెప్పి ముందుకు పోతాను. తాగి తాగి నీరసపడినవాడికి మన ఆర్‌ఎంపీలు మొదట చేసేది గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. అన్నం మానేసి మందు మీదే బతికేవాళ్ళ ఒంట్లో బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను కరిగించుకోవడానికి మెదడుకి థయమిన్ కావాలి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న నాలుగు చుక్కలూ ఖర్చైపోయి, కళ్ళు అదరడం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతుంది. వెర్నికె అనే జర్మన్ డాక్టరు 1881లో రాసిన జబ్బు ఇది. అది ముదిరితే కొత్త జ్ఞాపకాలు నిలవవు. మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. పొద్దున ఎక్కడికి పోయొచ్చావని అడిగితే "అంగడికి పోయిన, రెండు గొర్రెలు కొన్న, ఒకటి కుంటిది" అని వివరంగా చెప్పేవాడు. ఆయన ఇరవై రోజులుగా మంచం దిగలేదు. అబద్ధమాడటం లేదు పాపం, ఖాళీగా ఉన్న చోటును మెదడు కథతో పూడ్చుకుంటోంది. ఒక విటమిన్ సూదితో ఆపగలిగేది. దీని మీద నాకు కోపం ఉంది, అందుకే గొంతు పెరిగింది, ఏమనుకోకండి.

సరే. తాడు కింద పెట్టేశాం. వణుకు పోయింది, నిద్ర పట్టింది, ఆకలి పుట్టింది. పదో రోజు మనిషి గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, మాకు దండం పెట్టి ఇంటికి పోయాడు. ఒంట్లో ఆల్కహాల్ లేదు, ఆల్‌ప్రజోలామ్ లేదు. ఇక సమస్య ఏముంది? రెండు నెలల్లో మళ్ళీ వచ్చాడు. ఎందుకు?

నిజానికి ఇప్పటిదాకా చెప్పింది సులువైన భాగం. కష్టమైంది ఇక్కడ మొదలవుతుంది.

1954లో కెనడాలోని మాంట్రియల్‌లో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుకల మెదడులో సన్నటి తీగలు పెట్టారు. ఎలుక ఒక మీట నొక్కితే మెదడులో ఒక చోట చిన్న కరెంటు పారుతుంది. ఎలుకలు ఆ మీటను వదల్లేదు, కొన్ని గంటకు వేలసార్లు నొక్కాయి. మెదడులో సుఖస్థానం దొరికిందని లోకమంతా అనుకుంది. ఆ దారుల్లో పారేది డోపమైన్ అని తర్వాత తేలింది. డోపమైన్ అంటే సుఖం, మత్తు అంటే డోపమైన్ వరద, తాగుబోతు అంటే సుఖం మరిగినవాడు. నేనూ అలాగే చదువుకున్నాను. ఇప్పటికీ వాట్సాప్‌లో ఇదే తిరుగుతుంది.

అయితే ఓపీలో కూర్చుంటే ఆ లెక్క కుదరదు. పదిహేనేళ్ళుగా తాగుతున్న మనిషిని తాగితే బాగుంటుందా అని అడగండి. ఏం చెప్తాడో తెలుసా? "ఏం బాగుంటది మేడం, కడుపుల మంట, నోరంత చేదు. కానీ తాగకుంట ఉండలేను." సుఖం ఎప్పుడో పోయింది. కోరిక మాత్రం అలాగే ఉంది, కాదు, పెరిగింది.

అమెరికాలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ చిక్కు మీదే పనిచేశారు. ఎలుక మెదడులో డోపమైన్ దాదాపు మొత్తం పోయేలా చేశారు. ఆ ఎలుక ముందు తిండి పెడితే తినదు, ట్యూబుతో పెట్టకపోతే తిండి పక్కనే ఆకలితో చచ్చిపోతుంది. సుఖం తెలియక అలా ఉందా? నాలుక మీద పంచదార నీళ్ళు చుక్క వేసి చూశారు. హాయిగా మూతి నాక్కుంది! రుచి తెలుస్తోంది, నచ్చుతోంది. దాని దగ్గరికి పోవాలన్న తపన లేదు, అంతే. అంటే ఇష్టం వేరు, కోరడం వేరు. డోపమైన్ పని రెండోది. మత్తు పదార్థాలు ఏళ్ళ తరబడి పెంచి పోషించేది ఆ రెండోదాన్నే. పంచదార చుక్కకి మూతి నాక్కోవడం మర్చిపోయి కూడా దానికోసం పరుగెత్తే మనిషి తయారవుతాడు.

స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్రమ్ షుల్ట్స్ అనే ఆయన కోతుల మీద చేసిన పని చెప్తే మిగతాది అర్థమవుతుంది. కోతికి లైటు చూపించి, కాసేపటికి నోట్లో జ్యూసు చుక్క వేస్తారు. మొదట్లో జ్యూసు పడగానే డోపమైన్ కణాలు చిటపటలాడాయి. కొన్నాళ్ళకి లైటు వెలగగానే చిటపటలాడటం మొదలుపెట్టాయి, జ్యూసు వస్తే ఏమీ లేదు. ఇంకా చిత్రం, లైటు వెలిగి జ్యూసు రాకపోతే? ఆ క్షణానికి ఆ కణాలు మామూలు కంటే కిందికి పడిపోయాయి.

దీన్ని మన ఊళ్ళో పెట్టి చూడండి. లైటు బదులు దుకాణం షట్టర్ పైకి లేచే చప్పుడు. సాయంత్రం ఆరు గంటలు. జేబులో కూలి డబ్బులు. గుడాలు ఉడికే వాసన. మామూలుగా కలిసి కూర్చునే మనిషి ఫోను. ఇంకా చుక్క నోట్లో పడలేదు, మెదడు మాత్రం అప్పటికే బయల్దేరింది. అప్పుడు తాగకుండా ఇంటికి పోతే ఏం జరుగుతుంది? మామూలుగా ఉండడు, మామూలు కంటే కిందికి పడతాడు. భార్య పప్పులో ఉప్పు ఎక్కువైందంటే కంచం విసిరేది ఆ సాయంత్రమే.

నోరా వోల్కోవ్ అని, 2003 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా అమెరికా ప్రభుత్వ మత్తుమందుల పరిశోధన సంస్థకు అధిపతిగా పనిచేసింది. మెక్సికోలో రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీని చంపిన ఆ ఇంట్లోనే పెరిగింది, ఆయనకు మునిమనవరాలు. ఇది మన విషయానికి అవసరం లేదు, నాకు చెప్పాలనిపించి చెప్పాను. ఆమె చేసిన స్కాన్లలో రకరకాల మత్తుకు అలవాటుపడిన చాలామందిలో డోపమైన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలు తగ్గి కనిపించాయి. దాంతోపాటు నుదుటి వెనక ఉండే భాగం, వద్దు ఆగు అని చెప్పే భాగం, మందగించి ఉంది. అంటే బిడ్డ నవ్వు, పండగ పిండివంట, పంట చేతికి రావడం లాంటివి మీకూ నాకూ కలిగించే కదలిక ఆయన మెదడులో కలిగించవు. "పిల్లల మొఖం చూసైనా మానరాదా" అని మనం అంటాం. ఆ మొఖం ఆయన కళ్ళకు కనబడుతూనే ఉంది. లోపల మోగాల్సిన గంట మోగడం లేదు. నెలలు మానితే కొంతవరకు కోలుకుంటుంది. కానీ ఆ నెలలు ఎక్కడ గడుపుతాడన్నది పెద్ద ప్రశ్న.

దీనికి జవాబు యుద్ధంలో దొరికింది. వియత్నాంలో అమెరికా సైనికులు విపరీతంగా హెరాయిన్ వాడుతున్నారని 1971లో గగ్గోలు పుట్టింది. వీళ్ళంతా తిరిగొస్తే ఊళ్ళు ఏమైపోతాయని భయం. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఆ సెప్టెంబరులో తిరిగొచ్చినవాళ్ళ వెంటపడి లెక్క తీసింది. దాదాపు ఐదుగురిలో ఒకరు అక్కడ హెరాయిన్‌కు బానిసలమయ్యామని ఒప్పుకున్నారు. వాళ్ళలో ఇంటికొచ్చాక మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైంది నూటికి ఐదుగురు! మూడేళ్ళు తిరిగినా పన్నెండే. ఆ లెక్కను అప్పట్లో చాలామంది నమ్మలేదు. స్థలం ఒక్కటే కారణమని నేను అనను, అక్కడ చాలామంది సూదితో కాకుండా సిగరెట్లలో పెట్టి పీల్చారు, వయసు తక్కువ, ఇలా ఇంకా ఉన్నాయి. అయినా ఒక మాట నిజం: వాళ్ళ మెదడు ఏ అడవి, ఏ భయం, ఏ దోస్తుల మధ్య హెరాయిన్‌ను నేర్చుకుందో అవన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి.

మనకూ ఇలాంటి ప్రయోగం ఏటా కార్తీకంలో జరుగుతుంది. అయ్యప్ప మాల. రోజూ క్వార్టర్ లేనిదే నిద్రపోని మనిషి నలభై ఒక్క రోజులు ముట్టడు. చూస్తుంటే నాకే ఆశ్చర్యం. ఏం మారిందో గమనించండి. బట్టలు మారాయి. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. సాయంత్రం ఆరింటికి కాళ్ళు దుకాణం వైపు కాకుండా పీఠం వైపు పోతాయి. పేరు కూడా మారింది, అందరూ స్వామీ అంటారు. నిన్నటిదాకా గ్లాసు చేతిలో పెట్టిన దోస్తే ఇవాళ కాళ్ళకు దండం పెడతాడు. షట్టర్ చప్పుడుకి జవాబిచ్చే మనిషే అక్కడ లేడు. మేం ఆసుపత్రిలో ఎంత ఖర్చు పెట్టినా ఇన్ని మార్చలేం.

తర్వాత? శబరిమల పోయొచ్చి మాల తీస్తాడు. ఆ సాయంత్రం ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? (నవ్వులు) నవ్వుతున్నారు గానీ అది ఆయన భక్తిలో లోపం కాదు. పాత చొక్కా, పాత పేరు, పాత దారి, ఆరు గంటలు, అన్నీ ఒక్క రోజులో తిరిగొచ్చాయి.

గురుస్వాములు ఎవరైనా ఉంటే ఒక మనవి. పొద్దున లేవగానే తాగాల్సి వచ్చే మనిషి మాల వేసుకుంటానంటే, ముందు ఒకసారి మా దగ్గరికి పంపండి. తాడు సంగతి చెప్పాను కదా. మాల వేసుకున్న రెండో రోజో మూడో రోజో పూజలో ఫిట్స్ వచ్చి పడితే పూనకం అనుకుని హారతి ఇచ్చినవాళ్ళు ఉన్నారు.

స్థలం గురించి ఇంకొక్కటి. 1982లో షెపర్డ్ సీగెల్, ఆయన తోటివాళ్ళు హెరాయిన్‌కు అలవాటు పడిన ఎలుకలకు పెద్ద మోతాదు ఇచ్చారు. రోజూ ఇచ్చే గదిలో ఇస్తే నూటికి ముప్ఫై రెండు చచ్చిపోయాయి. అదే మోతాదు కొత్త గదిలో ఇస్తే అరవై నాలుగు. మోతాదు మారలేదు, గోడలు మారాయి. తెలిసిన గదిని చూడగానే మెదడు ముందే నడుం కట్టుకుని ఎదురు లాగడం మొదలుపెడుతుంది, కొత్త గదిలో దానికి ఆ కబురు అందదు. దీనికి తోడు జైలులోనో డీఅడిక్షన్ సెంటర్‌లోనో నెలలుండి వస్తే ఒంటికి ఆ అలవాటే పోతుంది. బయటికి రాగానే పాత మోతాదే తీసుకుని చనిపోయేది ఇందుకే.

ఇక మందులు. ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ తపనను కొంత తగ్గిస్తుంది, అకాంప్రోసేట్ ఇంకొకటి. డైసల్ఫిరామ్ అని ఒకటుంది, అది వేసుకుని మందు తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాడికి అది కాపలా. "భర్తకు తెలియకుండా అన్నంలో కలిపి తాగుడు మాన్పించబడును" అని కరెంటు స్తంభాల మీద కాగితాలు చూస్తుంటారు కదా, ఆ పొడుల్లో ఏముంటుందో ఎవరూ చెప్పరు. ఇదే ఉంటే మాత్రం, తెలియక తాగినవాడి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అక్కల్లారా, మీ బాధ నాకు తెలుసు. ఆ పని మాత్రం చెయ్యకండి. 2019లో ఎయిమ్స్ వాళ్ళు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక వైద్యం అందింది 38 మందిలో ఒక్కరికి. మిగతా ముప్ఫై ఏడుగురి ఇళ్ళలోకి ఆ స్తంభం మీది కాగితమే పోతోంది.

పిల్లలు దిక్కులు చూస్తున్నారు, మా గురించి ఏం చెప్పదేమిటా అని. గంజాయి గురించే కదా? "అది ఆకు మేడం, న్యాచురల్" అంటారు. ఉమ్మెత్త కూడా న్యాచురలే. గంజాయి లాంటి పదార్థాన్ని మన మెదడు తనంతట తానే తయారుచేసుకుంటుంది. 1992లో జెరూసలెంలో దాన్ని కనిపెట్టినవాళ్ళు మన సంస్కృతం ఆనందం మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అది ఇంత చిటికెడు, అవసరమైన చోట, అవసరమైనంతసేపు. గంజాయి దాన్ని బకెట్టుతో కుమ్మరించినట్టు. నుదుటి వెనక భాగం అని చెప్పాను చూడండి, ఆగు అని చెప్పేది, అది పూర్తిగా తయారవడానికి ఇరవై ఐదేళ్ళ దాకా పడుతుంది. స్లాబ్ వేశాక ఇరవై ఒక్క రోజులు నీళ్ళు పట్టాలని మీ నాన్నలకు తెలుసు. మీ స్లాబ్ ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీద ట్రాక్టర్ ఎక్కించకండి.

ప్రశ్నలు అడగండి. ఆ వెనక పెద్దాయన చెయ్యి ఎత్తారు.

(ఒక పెద్దాయన: "మేం గౌండ్లోల్లం బిడ్డా. మా చెట్టు కల్లు తాగిన గూడ గిట్ల పిచ్చి లేస్తదా? దుకాణపోళ్ళు జేసిన పాపం మాకెందుకు అంటగడ్తరు?")

మంచి మాట అడిగారు. చెట్టు కల్లులోనూ ఆల్కహాల్ ఉంది, పొద్దస్తమానం తాగితే దానికీ వణుకు వస్తుంది, నేను అబద్ధం చెప్పను. కానీ 2015లో, 2020లో మేం చూసినట్టు మందలు మందలుగా ఫిట్స్ రావడం మీ చెట్టు వల్ల కాదు. ప్రాణాలకు తెగించి మోకు మీద ఎక్కేది మీరు, పొడి కలిపి సీసాలు నింపేది ఇంకొకరు. మీరు అనేది న్యాయమే.

(ఒక విద్యార్థిని: "మళ్ళీ మళ్ళీ తాగుతుంటే ఇక వైద్యం పనిచెయ్యనట్టేనా మేడం?")

బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరుగుతుంది కదమ్మా, మాత్ర పనిచెయ్యలేదంటామా? నీకు ఒకాయన సంగతి చెప్తాను. తువ్వాలు కింద చేతులు దాచుకున్నాడని మొదట్లో చెప్పానే, ఆయనే. నాలుగుసార్లు మా దగ్గర చేరాడు, నాలుగుసార్లు పోయి తాగాడు. ఐదోసారి ఆయన భార్యను కూర్చోబెట్టి ఊరి దారులు కాగితం మీద గీయమన్నాను. పొలం నుంచి ఇంటికొచ్చే దారి దుకాణం ముందు నుంచే. చెరువు కట్ట మీంచి ఇంకో దారి ఉంది, అర కిలోమీటరు ఎక్కువ. కూలి డబ్బులు ఆమె చేతికే ఇవ్వమని మేస్త్రీకి చెప్పాం. ఆరింటికి మేకలకు నీళ్ళు పెట్టే పని ఆయనకు అప్పగించాం. ఏడు నెలలు గడిచాయి.

ఒకరోజు పొద్దున్నే వచ్చాడు, ముందు చెప్పకుండా. తాగలేదు. కానీ చొక్కా తడిసిపోయింది. కట్ట మీద తూము పని జరుగుతోందంట, తవ్వి పడేశారు, నిన్న సాయంత్రం తప్పక దుకాణం ముందు నుంచి రావాల్సి వచ్చింది. "షట్టర్ సప్పుడైంది మేడం. నోట్ల నీళ్ళూరినయ్. ఏడు నెలలైంది గద, ఇంక నాలోపల ఎట్ల ఉంది అది?" అని అడిగాడు. ఉంటుంది, మెదడు నేర్చుకున్నది చెరిపెయ్యదు, పైన ఇంకోటి రాసుకుంటుంది అని చెప్పి, మాత్ర రాసిచ్చి, టీ తాగించి పంపాను. ఆయన గేటు దాటాక వాళ్ళ ఊరి సర్పంచ్ నంబరు వెతికి ఫోను చేశాను, ఆ తూము పని ఎన్ని రోజులు పడుతుందని.